తోబుట్టువుల సాక్ష్యం

నన్ను వెల్డర్లు రాడ్డు అంటారు. స్టోర్స్ పుస్తకంలో మాత్రం నా పేరు ఈ 7018, లావు 4 మిల్లీమీటర్లు, పొడవు 450. పట్టుకునే కొస దగ్గర పూత మీద కూడా ఆ పేరే అచ్చు వేసి ఉంటుంది. 70 అంటే నేను పోసిన లోహం చదరపు అంగుళానికి కనీసం 70 వేల పౌండ్ల లాగుడుకు ఆగాలని. 1 అంటే నిలువు అతుకైనా, నెత్తి మీది అతుకైనా నాతో వేయొచ్చని. చివరి 8కి అర్థం నా పూతలో ఇనుప పొడి ఉందని, హైడ్రోజన్ బహు తక్కువని. ఈ చివరి మాట ఒక్కటే నా ప్రాణం మీదికి తెచ్చేది.

నా లోపల మెత్తటి ఉక్కు తీగ. పైన సున్నపురాయి, ఫ్లోర్‌స్పార్, ఇనుప పొడి, ఫెర్రోమాంగనీస్ కలిపి, సిలికేట్ జిగురుతో ముద్ద చేసి, ప్రెస్సులో తీగకు పట్టించి, కొలిమిలో కాల్చారు. ఒకే హీటు తీగతో, ఒకే పూత మిశ్రమంతో పుట్టిన మాకందరికీ ఒకటే లాట్ నంబరు. అదే మా ఇంటిపేరు.

నేను ఏ పరీక్షా రాయలేదు. రాసి ఉంటే ఇప్పుడీ కథ చెప్పడానికి ఉండేవాణ్ని కాదు. నా తోబుట్టువుల్లో కొందరిని తీసుకెళ్లి ఒక ప్లేటు గాడిలో కరిగించారు. ఆ లోహంలోంచి గుండ్రటి కడ్డీ తరిగి తెగేదాకా లాగారు. 490 మెగాపాస్కల్స్‌కు ముందు తెగకూడదు, తెగేలోపు కనీసం 22 శాతం సాగాలి. ఇంకో అయిదు ముక్కలకు గాటు పెట్టి, సున్నాకు 30 డిగ్రీలు దిగువన చల్లబరిచి, లోలకం సుత్తితో కొట్టారు. అయిదింట్లో అన్నిటికన్నా ఎక్కువ వచ్చిందీ, తక్కువ వచ్చిందీ పక్కన పెట్టేస్తారు. మిగిలిన మూడింటి సగటు 27 జౌల్స్‌కు తగ్గకూడదు. ఒక్కటి కాస్త తగ్గినా 20 కన్నా కిందికి దిగకూడదు. ఈ లెక్క నాకు నచ్చింది. ఇంట్లో ఒక్కడు మొనగాడైనంత మాత్రాన అందరికీ పేరు రాదు.

హైడ్రోజన్ పరీక్ష వేరే కథ. అతుకు పడీపడగానే ఆ ముక్కను మంచునీళ్లలో ముంచి, గడ్డకట్టే చలిలో దాచి, తర్వాత పాదరసం కింద 45 డిగ్రీల వెచ్చదనంలో 72 గంటలు ఉంచుతారు. బయటికొచ్చిన వాయువును కొలుస్తారు. 100 గ్రాముల లోహానికి 4 మిల్లీలీటర్లు దాటకపోతే మా పేరు పక్కన హెచ్4 అన్న తోక తగిలిస్తారు.

ఇవన్నీ ఒక కాగితం మీదికెక్కాయి. యార్డుల్లో దాన్ని టీసీ అంటారు, అంటే టెస్ట్ సర్టిఫికెట్. టీసీలన్నీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈఎన్ 10204 అనే యూరోపు ప్రమాణం ప్రకారం 2.2 రకం కాగితంలో ఉండే అంకెలు మా లాటువే కానక్కర్లేదు, అదే పద్ధతిలో తయారైన మరో సరుకువి కావచ్చు. 3.1లో మాత్రం మా లాటును పరీక్షించిన అంకెలే ఉండాలి, తయారీ విభాగంతో సంబంధం లేని మనిషి సంతకం ఉండాలి. 3.2 అయితే కొనేవాళ్ల తరఫు మనిషో, నిబంధనల్లో చెప్పిన ఇన్‌స్పెక్టరో కూడా సంతకం చేయాలి. కొనుగోలు ఆర్డరులో ‘టీసీ కావాలి’ అని ఊరికే రాస్తే ఏది వస్తుందో ఇచ్చేవాడి దయ.

మాకు 3.1 వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫైలు చేశారు. మమ్మల్ని విశాఖ సముద్రపు గాలికి అప్పజెప్పారు.

ప్యాకెట్టు చింపిన క్షణం నుంచి ఆ కాగితానికి నా మీద అదుపు పోతుంది. నా పూత ఉప్పు డబ్బాలా గాలిలో తేమను లాగేసుకుంటుంది. ఆ తేమ ఆర్కులో విడిపోయి హైడ్రోజన్ అవుతుంది, వేడి లోహంలోకి దూరుతుంది, అతుకు పక్కన గట్టిపడ్డ ఉక్కులో చేరి కూర్చుంటుంది. చూడ్డానికి అతుకు నున్నగా, అందంగానే ఉంటుంది. పగులు కొన్ని గంటల తర్వాతో, రెండు రోజులకో వస్తుంది. అందుకే బయట ఉండిపోయిన నన్ను 260 నుంచి 430 డిగ్రీల మధ్య కనీసం రెండు గంటలు కాల్చి, తర్వాత 120కి తగ్గని ఓవెన్లో ఉంచమని అమెరికా వెల్డింగ్ కోడు చెబుతుంది. బయటికి తీస్తే గడువు నాలుగు గంటలు. మళ్లీ కాల్చడం ఒక్కసారే. నీళ్లలో తడిస్తే ఇక పనికిరాను.

క్రేను గర్డరు అతుకులు చూడ్డానికి థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి నాలో చాలా భాగం ఆ గర్డరులో ఉంది. పట్టు కొస ముక్క స్టోర్స్ డబ్బాలో ఉంది. టీసీ మీద లాట్ నంబరునూ ఖాళీ ప్యాకెట్టు మీది నంబరునూ సరిచూసి ఆయన వెంటనే ఫైలు మూసేశాడు.

“బేకింగ్ రిజిస్టరేదండీ?”

స్టోర్‌కీపరు ధీమాగా తెచ్చాడు. పేజీ పొడవునా ఒకే పెన్ను, ఒకే చేతిరాత. వాన రోజైనా ఎండ రోజైనా ఒకటే అంకె, 350.

“రోజూ రాస్తున్నామండి,” అన్నాడు, అడగకముందే.

“రాయడం కనిపిస్తూనే ఉంది. ఓవెన్ మీటరు కాలిబ్రేషన్ ఎప్పుడు చేయించారు?”

ఎవరూ పలకలేదు. ఆ సర్టిఫికెట్టు వెతకడానికి ఒక కుర్రాణ్ని ఆఫీసుకు పరుగెత్తించారు. ఈలోగా ఇన్‌స్పెక్టరు తన సంచిలోంచి సొంత థర్మామీటరు తీసి ఓవెన్ తలుపు తెరిచాడు.