సభాధ్యక్ష పీఠంలో నారుమడి

నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం ఎన్ని వంగడాలను వెలువరించినా, సభాధ్యక్ష పీఠంలో, అంటే శాసనసభ స్పీకరో మండలి ఛైర్మనో పార్టీలకు అతీతంగా కూర్చోవలసిన స్థానంలో, మంత్రులను నారు పోసే విద్య మాత్రం రాజకీయ శాస్త్రం ఒక్కదానికే పట్టుబడింది. 2017 నవంబరులో మండలి పీఠంలో పోసిన నంద్యాల నారు ఎన్.ఎం.డి. ఫరూక్‌ను ఏడాది తిరిగేసరికి పీకి 2018 నవంబరులో మంత్రివర్గంలో నాటడంతో ఆ విద్యకు రాజముద్ర పడింది. నాలుగున్నరేళ్లుగా మంత్రివర్గంలో ముస్లిం ఒక్కరైనా లేరన్న సంగతి ఎన్నికలు దగ్గరపడ్డాకే ఏలినవారి కంటబడటాన్ని అదనెరిగిన సేద్యమనే చెప్పాలి.

ఈ సేద్యానికి ఇక్కడ పూర్వ ప్రమాణాలు లేకపోలేదు. కోవెలకుంట్ల నుంచి గెలిచిన బి.వి. సుబ్బారెడ్డి 1962 నుంచి 1971 దాకా స్పీకరుగా ఉండి, ఆ వెంటనే ఉపముఖ్యమంత్రి కావడంతో, ముదిరిన నారు నాటుకు పనికిరాదన్న రైతుల నమ్మకం వీగిపోయింది. 1977లో నంద్యాల లోక్‌సభ సభ్యుడు నీలం సంజీవరెడ్డి నాలుగు నెలలైనా నిండకుండానే స్పీకరు పీఠం నుంచి రాష్ట్రపతి భవన్‌కు చేరగా, 2010లో కిరణ్‌కుమార్‌రెడ్డి స్పీకరు స్థానం నుంచి నేరుగా ముఖ్యమంత్రి అయ్యారు.

ఫిరాయింపును, అంటే ఒక పార్టీ గుర్తుపై గెలిచి స్వచ్ఛందంగా దానిని వదలడాన్ని, అరికట్టడానికి 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు, కలుపు తీసే పనిని ఈ నారుకే అప్పగించింది. పీఠమెక్కినవారు పార్టీకి రాజీనామా చేసినా అనర్హత అంటదని ఐదో పేరా హామీ ఇచ్చినా, 1967లో తొలిసారి లోక్‌సభ స్పీకరైనప్పుడు సంజీవరెడ్డి పార్టీని వదులుకున్నట్లు వేరు తెంచుకునే ధైర్యం నేటి నారులో కానరాదు. రేపు నాటే చేయి ఆ పార్టీదే గదా.

ఆళ్లగడ్డ నుంచి ఒక పార్టీ తరఫున ఎన్నికైన భూమా అఖిలప్రియ 2016లో మరో పార్టీలో చేరి, శాసనసభ్యత్వానికి రాజీనామా చేయకుండానే 2017 ఏప్రిల్‌లో మంత్రి అయ్యారు. ఆ రోజు ఆమెతోపాటు అలాగే వచ్చిన మరో ముగ్గురూ ప్రమాణం చేశారు. వారిపై అనర్హత ఫిర్యాదులు స్పీకరు ముందు ఏళ్లుగా మూలుగుతుండగా, వాటిని తేల్చనందుకే 2018 నవంబరు నాటికి ప్రతిపక్షం ఏడాదిగా సభకు దూరంగా ఉంది. ఇది పరిహాసం కాదు, ఓటు దోపిడీ. ఏ పార్టీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పవలసి రావచ్చునో ఆ పార్టీ దయతోనే రేపటి పదవి దొరికే వ్యక్తిని న్యాయమూర్తిగా కూర్చోబెట్టి నిష్పాక్షికత గురించి ఉపన్యసించడం సిగ్గుమాలినతనం. ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలనీ, పీఠం దిగినవారికి ఆ సభ కాలం ముగిసేదాకా మంత్రి పదవి ఇవ్వకూడదనీ చట్టం చేయలేని పాలకులకు, నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని మళ్లీ ఓటడిగే అర్హత లేదు.