పేరు గొప్ప, నెత్తురు దిబ్బ

‘టెరిఫయర్ 2’ 2022 అక్టోబరులో అమెరికా థియేటర్లకు వచ్చిన నెత్తుటి సినిమా. రచన, దర్శకత్వం, ఎడిటింగ్‌తో పాటు తెగిపడే అవయవాల తయారీ కూడా డేమియన్ లియోన్ చేతి పనే. ఖర్చు సుమారు రెండున్నర లక్షల డాలర్లు, వసూళ్ళు దాదాపు కోటిన్నర డాలర్లు, నిడివి 138 నిమిషాలు. విడుదలైన కొద్దిరోజులకే, ఈ సినిమా చూస్తూ జనం మూర్ఛపోతున్నారనీ, వాంతులు చేసుకుంటున్నారనీ వార్తలు వచ్చాయి. డబ్బు పెట్టి వేయించినా ఇంత మంచి పోస్టరు దొరకదు.

ఇలాంటి వార్త చదివి అందరికన్నా ముందు టికెట్టు కొనే జీవి హారర్ వీరాభిమాని. 1992లో రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ చూసి, ఆ తర్వాత కొంతకాలం పిల్లి ఎదురొస్తే శకునం కోసం కాక ప్రాణభయంతో ఆగిపోయిన తరం ఇతడిది. అప్పటినుంచీ ఆ భయం మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుందేమోనని ప్రతి శుక్రవారం వెతుకుతూనే ఉంటాడు. దొరకదు. అయినా మానడు.

కథ చిన్నది. ఆర్ట్ అనే విదూషకుడు హాలోవీన్ వేళ మైల్స్ కౌంటీ అనే ఊళ్ళో జనాన్ని చంపుతూ పోతాడు. సియెన్నా అనే అమ్మాయి చివరికి కత్తి పట్టి ఎదురు నిలుస్తుంది. ఈ రెండు వాక్యాలకూ 138 నిమిషాలకూ మధ్య ఉన్న ఖాళీని నెత్తురుతో నింపారు. అన్నిటికన్నా పేరుమోసింది పడకగది హత్య. ప్రాణం పోతే పని అయిపోతుందని కాబోలు, ఆర్ట్ మరో అమ్మాయిని బతికుండగానే చీల్చి, గాయాల మీద బ్లీచ్ పోసి, ఆపైన ఉప్పు దట్టిస్తాడు. ఆ ఓపిక ఆవకాయ కలిపేవాళ్ళలో తప్ప మరెక్కడా కనబడదు. కొత్త ప్రేక్షకుడు కళ్ళు మూసుకుంటాడు. వీరాభిమాని గడియారం చూసుకుంటాడు.

ఇతడి అభ్యంతరం నెత్తురు మీద కాదు, లెక్క మీద. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెబుతూ భయానకాన్నీ బీభత్సాన్నీ వేరువేరుగా పెట్టాడు. మొదటిదానికి స్థాయిభావం భయం, రెండోదానికి జుగుప్స. ఏం జరగబోతోందో తెలియనప్పుడు భయం పుడుతుంది. జరిగిందంతా ఎదురుగా పరిచి చూపిస్తే జుగుప్స పుడుతుంది. ‘టెరిఫయర్ 2’ బీభత్సాన్ని తయారుచేసి భయానకం ధరకు అమ్మింది. తలుపు వెనక ఎవరున్నారోనన్న గుబులుకు ఇందులో చోటే లేదు, ఎందుకంటే తలుపు ఎప్పుడో ఊడిపోయింది, వెనకున్నవాడి పేగులతో సహా.

పాత సినిమాలు ఈ తేడా తెలిసి తీసినవి. హిచ్‌కాక్ ‘సైకో’ (1960) నలుపు తెలుపులో తీసింది, స్నానాల గదిలో పారిన నెత్తురు చాక్లెట్ సిరప్. పేరులోనే రంపం ఉన్న ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’ (1974)లో తెరమీద కనిపించే నెత్తురు చాలా తక్కువ. చూసినవాళ్ళు మాత్రం బోలెడు చూశామనే అనుకుంటారు.

స్పృహ తప్పడాన్ని ప్రచారానికి వాడుకోవడం కూడా కొత్త విద్య కాదు. పారిస్‌లో 1897 నుంచి 1962 వరకు నడిచిన గ్రాన్ గిన్యోల్ నాటకశాలలో మూర్ఛపోయేవారి కోసం డాక్టరును ఉంచేవారు. 1958లో ‘మకాబర్’ సినిమాకు విలియం కాజిల్ భయంతో చనిపోయేవారికి వెయ్యి డాలర్ల బీమా ప్రకటించాడు. 1963లో ‘బ్లడ్ ఫీస్ట్’కు వాంతి సంచులు పంచారు. 2008లో మన వర్మ కూడా ‘ఫూంక్’ను థియేటర్లో ఒంటరిగా చూడగలిగినవారికి 5 లక్షల రూపాయలు ఇస్తానన్నాడు. వీటన్నిటినీ కంఠతా పట్టిన వీరాభిమాని, కొత్త సినిమాకు మూర్ఛల వార్త రాగానే అన్నీ మరిచిపోతాడు.

సినిమాలో మెచ్చుకోదగ్గవి రెండున్నాయి. గాయాలను ఎక్కువగా కంప్యూటరుకు అప్పగించకుండా చేత్తో మలిచారు. ఆర్ట్‌గా వేసిన డేవిడ్ హోవర్డ్ థోర్న్‌టన్ ఒక్క మాటైనా పలకకుండా, పాత మూకీల హాస్యనటుడిలా కళ్ళతో, వేళ్ళతో నవ్విస్తాడు. భయపెట్టాల్సిన సినిమాలో గుర్తుండేది నవ్వు కావడం దర్శకుడు ఆలోచించుకోవలసిన విషయం.

అయితే ఆయనకు ఆ అవసరం పడలేదు. 2024లో సుమారు 20 లక్షల డాలర్లతో వచ్చిన మూడో భాగం దాదాపు 9 కోట్ల డాలర్లు రాబట్టింది. అందులో రెండో భాగాన్ని తిట్టిన వీరాభిమానుల టికెట్ల డబ్బూ ఉంది. కాబట్టి తీర్పు ఇది: భయం కావలసినవారు ‘రాత్రి’ చూడవచ్చు. ‘టెరిఫయర్ 2’ చూసి తీరాలనుకునేవారు భోజనానికి ముందు చూడటం మేలు. భయానికి కాదు, భోజనం దండగ కాకుండా.