పేలకుండానే పగిలిన తూటాలు

బ్రిటిషువాళ్ళ ఏలుబడిలో మన దేశంలో ఉన్న సైన్యానికి వానాకాలం వస్తే ఒక తలనొప్పి. పెట్టెల్లో భద్రంగా దాచిన తూటాలు, ఎవరూ ట్రిగ్గరు నొక్కకుండానే పాడైపోయేవి. వానలు తగ్గాక తీసి చూస్తే ఇత్తడి గొట్టాలు మెడ దగ్గర నిలువునా చిట్లి ఉండేవి. చూడ్డానికి మేలైన సరుకే: 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. తేలిగ్గా దొరికిన ముద్దాయి వానాకాలం. జబ్బుకి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు కూడా పెట్టేశారు.

గుట్టు విప్పింది మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు. కలిసి పరిశోధించి, 1921లో కలిసే అచ్చువేయించారు.

సగం నేరం తయారీలోనే ఉంది. ఇత్తడి బిళ్ళను గిన్నెలా వంచి, అచ్చుల్లోంచి మళ్ళీ మళ్ళీ లాగి గొట్టంగా సాగదీస్తారు. గుండు జారిపోకుండా చివర్న మెడ నొక్కుతారు. పనయ్యాక గొట్టం బుద్ధిగా కనిపిస్తుంది గానీ, ఎక్కువ సాగిన చోటుకీ తక్కువ సాగిన చోటుకీ మధ్య లోలోపల లాగులాట ఆగదు. ఫొటోలో నవ్వుతున్న ఉమ్మడి కుటుంబంలాగా అన్నమాట. ఇంజనీర్లు రెసిడ్యువల్ స్ట్రెస్ అనేది దీన్నే. ఇప్పుడైతే న్యూట్రాన్లతో, లోహాన్ని కొయ్యకుండానే కొలుస్తున్నారు. పాత పద్ధతి మొరటుది. గొట్టాన్ని మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ముంచడమే. లోపల బిగువుంటే పగులుతుంది, లేకపోతే లేదు.

అయితే బిగువొక్కటే ఇత్తడిని పగలగొట్టదు, తోడుదొంగ కావాలి. అది అమ్మోనియా. తేమ గాలిలో కాస్త కలిసినా చాలు, బిగువున్న చోటే వెతుక్కుని కొరుకుతుంది. విరుగుడు కష్టమేం కాదు: గట్టితనం పోనంత మేరకు గొట్టాన్ని వెచ్చబెడితే బిగువు సడలిపోతుంది.

మరి తూటాల పెట్టెల దగ్గరికి అమ్మోనియా ఎలా వచ్చింది? శత్రువులెవరూ తెచ్చి చల్లలేదు. వానకు తడవకూడదని దొరలు ఆ పెట్టెల్ని జాగ్రత్తగా గుర్రపుశాలల్లో పెట్టించారు. పోసింది సొంత గుర్రాలే.