బిళ్ల మార్చేముందు ఆరు వారాలు ఆగు నాయనా

మా రోజుల్లో డాక్టరు ముందు మొహం చూసేవాడు, ఆ తర్వాతే కాగితం. ఇప్పుడు కాగితం చూసి కాగితానికే మందు రాస్తున్నారు. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా సందు మలుపు నుంచి డైమండ్ హార్బర్ రోడ్డు దాకా నడువు, మందుల షాపు పక్కనే రక్త పరీక్షల షాపు. తెల్లారేసరికి ఓ కుర్రాడు ఇంటికే వచ్చి సూది గుచ్చి పోతాడు, సాయంత్రానికి ఫోనులో రిపోర్టు. అందులో టీఎస్‌హెచ్, అదే థైరాయిడ్‌ని పని చెయ్యమని పురమాయించే హార్మోను, ఎర్రక్షరాల్లో కనబడితే చాలు, ఇంటిల్లిపాదీ కూర్చుని థైరాయిడ్ బిళ్ల 50 మైక్రోగ్రాముల నుంచి 75కి పెంచేసుకుంటారు. పదిహేను రోజులకి మళ్లీ రక్తం, మళ్లీ ఇంకో బిళ్ల. ఎందుకయ్యా అంత తొందర?

నేను గార్డెన్‌రీచ్ రైల్వే ఆఫీసులో ఉన్నప్పుడు మా వదిన శ్రీకాకుళం నుంచి మా ఇంటికొచ్చింది. మే నెల కలకత్తా ఉక్కలో అందరం విసనకర్రలు విసురుకుంటుంటే ఆవిడ దుప్పటి కప్పుకునేది. గొంతు బొంగురు, కనుబొమల చివర్లు పల్చబడ్డాయి. ఖిదిర్‌పూర్‌లో ఓ పెద్ద డాక్టర్‌బాబు ఉండేవాడు. ఆవిణ్ణి కుర్చీ మీద మోకాళ్లు ఆనించి నిలబెట్టి, పాదాలు వెనక్కి వేలాడుతుంటే మడమ పైన నరం మీద చిన్న సుత్తితో తట్టాడు. పాదం చటుక్కున కదిలింది గానీ వెనక్కి రావడం మాత్రం నెమ్మదిగా, బద్ధకంగా వచ్చింది. థైరాయిడ్ తగ్గింది, చూశావా అన్నట్టు నా వైపు తల తిప్పాడు. రక్తం పంపినా జవాబు ఎప్పటికో వచ్చేది. ఆలోగా చిన్న మోతాదు మొదలుపెట్టి, తిండీ నిద్రా అడుగుతూ, నాడి పట్టుకుని చూస్తూ పెంచాడు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అంతకు ముందు కొన్నేళ్లపాటు ఊళ్లో ఆవిణ్ణి బద్ధకస్తురాలని ఆడిపోసుకున్నారు. ఈ రక్త పరీక్ష అప్పుడు అక్కడ ఉండి ఉంటే ఆ మాటలు పడేది కాదు. రక్తంలో అంత సూక్ష్మమైన హార్మోన్లని కొలిచే దారి చూపినందుకే రోజలిన్ యాలోకి 1977లో నోబెల్ ఇచ్చారు. ఎంత చెయ్యి తిరిగిన డాక్టరైనా, 50కీ 75కీ తేడా సుత్తితో పట్టలేడు.

పట్టలేడు సరే, పరీక్షకి ఓ పద్ధతుంది కదా! బిళ్లలో ఉండే థైరాయిడ్ హార్మోను ఒంట్లో సగం తరగడానికే సుమారు వారం పడుతుంది. మోతాదు మార్చాక రక్తంలో కుదురుకోవడానికి అయిదారు వారాలు. టీఎస్‌హెచ్ ఇంకా నిదానం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చూడమంటారు. ఆవకాయ కలిపిన పూటే రుచి చూసి ఉప్పు చాల్లేదంటే ఎలా, మూడో రోజు తిరగేశాకే కదా తెలిసేది! పైగా థైరాయిడ్ హార్మోను కాస్త తగ్గినా టీఎస్‌హెచ్ అంతకి ఎన్నో రెట్లు ఎగురుతుంది. అంకె రెట్టింపైందని బిళ్లా రెట్టింపు చెయ్యరు.

అంకె పెరిగితే ముందు నీ పొద్దుటి సంగతి చెప్పు. బిళ్ల పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంటో గంటో ఆగాలి. మీరు వేడి వేడి టీతో మింగి, వెనకాలే కాల్షియం, ఐరన్ బిళ్లలు వేస్తారు. వాటికి నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టు కోసమని మింగే బయోటిన్ అయితే కొన్ని రకాల పరీక్షల్లో అంకెనే తారుమారు చేస్తుంది. బిళ్ల తప్పు లేకుండానే మోతాదు మారిపోతుంది! మా వయసు వాళ్లకి టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువుండటం మామూలే. దాన్ని కిందికి తెద్దామని మోతాదు మరీ పెంచితే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు గుల్లబారొచ్చు.

ఓపిక ఎలా ఉండాలో మా శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారిని చూసి నేర్చుకోవాలి. ఆయన 1956 నుంచి హిమాలయాల్లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు ఇప్పించి, థైరాయిడ్ ఉబ్బి వచ్చే గొంతువాపు తగ్గుతుందని ఏళ్ల తరబడి చూసి నిరూపించారు. అంత ఓపిక ఉండబట్టే ఇవాళ మన ఇళ్లలో ఆ ఉప్పు ఉంది.

కడుపుతో ఉన్న ఆడపిల్లల విషయంలో మాత్రం నా నిదానం పనికిరాదు. నెల తప్పిందని తెలిసిన వెంటనే డాక్టరుకి చెప్పాలి, మోతాదు పెంచాల్సి రావచ్చు, నాలుగేసి వారాలకి పరీక్ష చేయించాలి. మిగతావాళ్లు రిపోర్టు ఫోనులో చూసి బిళ్ల మార్చకండి. దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్లి, ఆ కాగితం ఇచ్చే ముందు నీకు ఒంట్లో ఎలా ఉందో చెప్పు నాయనా.