బిల్లు లేని విత్తనం

విత్తనాల విషయంలో నా అంత చాదస్తుడు పెదనందిపాడు చుట్టుపక్కల లేడని మా బావమరిది అంటుంటాడు. నిజమే. పది గ్రాముల మిరప ప్యాకెట్ కొన్నా బిల్లు రాయించుకుంటాను. బిల్లు మీది లాట్ నంబరూ ప్యాకెట్ మీది లాట్ నంబరూ ఒకటేనా అని కొట్లోనే నిలబడి చూస్తాను. వెనక మనుషులు తోసుకుంటున్నా సరే. నారు పోశాక ఖాళీ ప్యాకెట్ పారెయ్యను, పంట చేతికొచ్చిందాకా బీరువాలో ఉంటుంది. మొక్క ఏపుగా పెరిగి కాయ పట్టకపోతే వ్యవసాయాధికారికి చూపించడానికి ఆ ప్యాకెట్టూ ఆ కాగితమే గదా ఆధారం.

ఇంట్లో కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి ఈ మనిషి ఎటు పోయేవాడో నాకే తెలియదు.

మావాడు ఇంజనీరింగులో చేరిన ఏడు గుంటూరు బ్రాడీపేటలో, ఒక అడ్డరోడ్డులో ఉన్న కొట్లో కంప్యూటరు అసెంబుల్ చేయించాం. విడిభాగాలన్నిటికీ బిల్లు తీసుకున్నాను. మదర్‌బోర్డుకు వారంటీ కార్డు, మానిటర్‌కు వారంటీ కార్డు, ఆఖరికి మౌస్‌కు కూడా. అంతా అయ్యాక కొట్టు కుర్రాడు, "విండోస్ ఒరిజినల్ వెయ్యమంటారా బాబాయ్, మామూలుదా?" అని అడిగాడు. మామూలుది అంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసే "మామూలుదే వెయ్యి" అన్నాను. చేత్తో పట్టుకు చూడలేని వస్తువుకు అంత డబ్బెందుకనిపించింది.

ఆ మామూలు విండోస్‌తో పాటు, అది డబ్బు పెట్టి కొన్నదేనని కంప్యూటరును నమ్మించే చిన్న ప్రోగ్రాం ఒకటి వేస్తారు. యాక్టివేటర్ అంటారు. అది నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపెయ్యాలి. తర్వాత అప్‌డేట్లు రాకుండా కట్టెయ్యాలి. దాన్ని రాసిందెవరో తెలియదు, అందులో ఇంకేమి కలిపారో తెలియదు, కంప్యూటరు మీద సర్వాధికారాలూ మాత్రం దానికే ఇవ్వాలి. లాట్ నంబర్లు చూసే నాకు ఇది తోచలేదంటే అబద్ధం. తోచింది, తోసేశాను.

ఆ రోజుల్లోనే మా వైపు కలుపుమందు కొట్టినా చావని పత్తి విత్తనాన్ని చాటుగా అమ్మేవాళ్ళు, బీజీ-3 అని పేరు పెట్టి. మన దేశంలో 2002లో బోల్‌గార్డుకు, 2006లో బోల్‌గార్డ్-2కు అనుమతి వచ్చింది గానీ దీనికి రాలేదు. బిల్లుండదు, కంపెనీ ఉండదు. అది కొన్న కుర్రాణ్ణి రచ్చబండ దగ్గర నలుగురిలో నిలబెట్టి, "రేపు మొలవకపోతే ఎవరి గుమ్మం ఎక్కుతావురా?" అని కడిగేశాను. ఇంటికొచ్చి భోజనం చేసి, పాత యాక్టివేటర్ పనిచెయ్యడం మానేసిందని నెట్‌లో కొత్తది వెతికి దించుకున్నాను. అదే రోజు రాత్రి.

2017 మే 12న వన్నాక్రై వచ్చింది. కంప్యూటరులో ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కడితే విప్పుతానని తెర మీద నోటీసు అంటించే వైరస్. అది దూరే కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. వేసుకున్నవాళ్ళు బతికారు. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయని, ఆ జిల్లాల్లో గుంటూరు కూడా ఉందని పేపర్లో వచ్చింది. నాకు గుండె జారింది. చెయ్యాల్సింది అప్‌డేట్ వేసుకోవడం. వేస్తే మామూలు విండోస్ బండారం బయటపడుతుందని భయం. అందుకని నెట్ వైరు పీకేసి కంప్యూటరు మీద దుప్పటి కప్పాను. దుప్పటి ఎందుకు కప్పానో ఇప్పటికీ చెప్పలేను.

ఇదంతా ఒక ఎత్తు, పత్తి పోసిన ఏడు నేను చేసిన వైద్యం ఒక ఎత్తు.

ఆ ఏడు పత్తి ధర నచ్చక, ఇంకాస్త పెరుగుతుందేమోనని ముందు గదిలో పోశాం. మా ప్రాంతంలో ఇది కొత్త కాదు. మనుషులు వసారాలో పడుకుంటారు, పత్తి గదిలో పడుకుంటుంది. కిటికీ ఎత్తున పత్తి, మూల బల్ల మీద కంప్యూటరు. ఒళ్ళంతా దురదలని ఇంటిల్లిపాదికీ మందు రాసుకున్నాం. ఎండాకాలం రాగానే కల్లంలో ఎండిన మిరపకాయలు టిక్కీలకెత్తి కోల్డ్ స్టోరేజీకి పంపేముందు కొన్నాళ్ళు అదే వసారాలో ఉన్నాయి. కంప్యూటరు అరగంట నడిచి దానంతటదే ఆగిపోవడం అప్పుడు మొదలైంది.

వైరస్ అని తేల్చేశాను. ఉన్న యాంటీవైరస్ చాలదని రెండోది వేశాను. రెండూ ఒకదాన్నొకటి అనుమానిస్తూ, వచ్చిన ప్రతి ఫైలునూ రెండుసార్లు సోదా చేస్తూ యంత్రాన్ని కదలనివ్వలేదు. అప్పుడు క్లీనర్ ఒకటి వేశాను. అది, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో వందల తప్పులున్నాయని ఎర్రంకెలు చూపించింది. తప్పులు చూపించడం ఉచితం, దిద్దడానికి డబ్బు. విండోస్‌కు రూపాయి కట్టనివాణ్ణి, ఆ ఎర్రంకెలు చూసి కార్డు తీసి కట్టాను. దాని వెంట మెమరీ పెంచే బూస్టరు, డ్రైవర్లు మార్చే ఇంకొకటి వచ్చాయి. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుతూ పోయినందుకు బ్రౌజరు నెత్తిన టూల్‌బార్లు వరసకట్టాయి, హోంపేజీ ఏదో జూదం సైటుకు మారింది. కంప్యూటరు ఇప్పుడు పది నిమిషాలకే ఆగుతోంది. నిజానికి రిజిస్ట్రీ శుభ్రం చేస్తే కంప్యూటరు పరుగెత్తదు, పైగా పనికొచ్చేదేదో ఊడిపోయే ప్రమాదం ఉంది. అది తెలుసుకునే ఓపిక అప్పుడు లేదు. విండోస్ ఉన్న సీ డ్రైవ్ మొత్తం ఫార్మాట్ కొట్టేశాను. ఫార్మాట్ కొట్టినా ఆగిపోతోంది.

చివరికి మా ఆవిడే అడిగింది. "ఏమండీ, దురదమందు మనం రాసుకున్నాం గానీ, ఆ డబ్బాకెవరు రాశారు?"

మెకానిక్కు వచ్చి పక్క రేకు విప్పాడు. విప్పీ విప్పగానే ఆపకుండా తుమ్మాడు. లోపల ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల మధ్య పత్తి నుసి, దాని మీద పలచగా మిరప కోరు. "ఇందులో దిండు కుట్టించుకోవచ్చు బాబాయ్" అన్నాడు. వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి ప్రాసెసర్ కాగిపోతుంటే, కాలిపోకుండా యంత్రం తనంతట తనే ఆరిపోతోంది. అంటే ఈ మొత్తం వ్యవహారంలో తెలివిగా నడుచుకున్నది ఆ యంత్రమొక్కటే. బ్రష్షుతో దులిపి, బ్లోయరుతో ఊది, ప్రాసెసర్ మీద కొత్త పేస్టు రాసి వెళ్ళాడు. అంతే రోగం.

ఆ ఫార్మాట్ మాత్రం నాకు ఆరని దెబ్బ కొట్టింది.

నేను అప్పుడప్పుడూ కథలు రాస్తాను. రాసింది అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. మా తరంలో పత్రికలకు, ప్రెస్సులకు, కరపత్రాలకు అదే. రెండూ మామూలువే, ఎవరో ఇచ్చిన సీడీలోవి. అను ఫాంటులో కనిపించేది తెలుగే గానీ కంప్యూటరు లోపల దాచుకునేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తలకట్టు ఒకచోట, వత్తు ఒకచోట బొమ్మలుగా సర్దిపెట్టినవి. ఫాంటు ఉన్నంతసేపూ కథ, ఫాంటు పోతే గవ్వలు చల్లినట్టు గుర్తులు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు సొంత స్థానాలిచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఊరికే దొరికేవి. 2006లో వీవెన్ గారు లేఖిని పెట్టారు, ఇంగ్లీషు మీటలతో తెలుగు వచ్చేది. ఇవన్నీ నాకు ఒక మిత్రుడు విసుగులేకుండా చెప్పాడు. "ఆ అక్షరాలు అందంగా ఉండవయ్యా" అని నేనూ విసుగులేకుండా కొట్టిపారేశాను. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షను కూడా 2001లోనే వచ్చి ఆగిపోయిందని అప్పటికి తెలియదు.

బ్యాకప్ లేదా అంటారేమో. ఉంది. సీ డ్రైవ్‌లో ఉన్నవి డీ డ్రైవ్‌లో. రెండూ ఒకే డిస్కులో గీసిన గీతకు అటూ ఇటూ అన్న సంగతి, గట్టు తగాదాలు తీర్చే నాకు తట్టలేదు. డీలోకి ఎక్కించని, డెస్క్‌టాప్ మీదున్న కథలు ఫార్మాట్‌లో పోయాయి. డీలో ఉన్నవి మిగిలాయి, గుర్తులుగా. ఫాంట్ల సీడీ కనపళ్ళేదు.

అప్పుడు చేసిన పని చెప్పడానికే ఎక్కువ సిగ్గు. అనును యూనికోడ్‌లోకి మార్చే సైటు ఒకటి వెతికి పట్టుకుని, ఉన్న ఫైళ్ళన్నీ వరసగా తెచ్చి అందులో పోశాను. సైటు ఎవరిదో చూడలేదు. కథలతో పాటు అదే ఫోల్డర్లో అన్నదమ్ముల పంపకాల చిత్తుప్రతి ఉంది. కౌలు ఒప్పందం ఉంది. సర్వే నంబర్లు, ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా. అన్నీ వెళ్ళాయి. మీసేవలో ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా రెండు గీతలు గీసి, ఎందుకిస్తున్నానో తేదీతో రాసి సంతకం పెట్టే మనిషిని నేను! 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటాకు చట్టమూ వచ్చింది. కానీ ముక్కూమొహం తెలియని పెట్టెలో నా చేత్తో నేను పోసినదాన్ని ఏ చట్టం ఏరి తెస్తుంది?

ఇంకా ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. ప్రింటరు మొరాయిస్తే కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్లో వెతికి, పైన కనిపించిన నంబరుకు ఫోన్ చేశాను. అవతలివాడు ఒక యాప్ వెయ్యమన్నాడు. దూరం నుంచి మన తెర చూస్తూ నడిపే ఇలాంటి యాప్‌లతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. వేశాను. బ్యాంకు పేజీ తెరవమన్నాడు, తెరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ప్రింటరుకూ బ్యాంకుకూ ఏం సంబంధమండీ?" అని ప్లగ్గు పీకేసింది. అలాగే వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో వచ్చిన, ఫోన్లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలును నొక్కబోయి, ఫోన్ ఛార్జింగు అయిపోయి బతికాను. అందులో నా తెలివి ఏమీ లేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సహాయం ఆగింది. నా డబ్బాలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు, విండోస్ 11 నిబంధనల ప్రకారం ఎక్కదు. అడ్డదారిలో ఎక్కిస్తాననేవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి మావాడు ఫోన్లోనే గట్టిగా కసిరి, పండక్కి వచ్చినప్పుడు లినక్స్ వేసి వెళ్ళాడు. డబ్బు అక్కర్లేదంటే నాకు మొదట అనుమానమే, ఇదీ మామూలుదేనేమోనని. అదెందుకు కాదో వాడు చెబితే ఎక్కలేదు, లాం ఫారం గుర్తొచ్చి ఎక్కింది. లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎల్‌సీఏ 334 మిరప సూటి రకం. మంచి కాయ ఏరి గింజ తీసి మళ్ళీ నాటుకోవచ్చు, బావమరిదికివ్వచ్చు, ఎవడూ అడగడు. లినక్స్ లైసెన్సు కూడా కాపీ చేసుకో, మార్చుకో, పంచుకో, అయితే అవతలివాడికీ అదే హక్కివ్వు అంటుంది. నా మామూలు విండోస్‌కు ఖరీదు లేకపోవడం వేరు, దీనికి లేకపోవడం వేరు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో కనిపించే లినక్స్‌నే చేసిపెట్టి చాలా ఏళ్ళయింది. నేను అప్పుడు యాక్టివేటర్లు వెతుక్కుంటున్నాను.

లినక్స్ స్వర్గమేం కాదు. ప్రింటరు దానితో కుదరడానికి నానా తంటాలు పడ్డాం, అను నాకు అందులో ఎక్కనే లేదు. కథలు లిబ్రేఆఫీస్‌లో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో, మండలి ఫాంటులో రాస్తున్నాను. అందంగానే ఉంది.

డీ డ్రైవ్‌లో మిగిలిన కథలను చిలకలూరిపేటలో ఒక డీటీపీ సెంటర్లో, ఇంకా అను నడుస్తున్న ముసలి కంప్యూటరు మీద తెరిచి పీడీఎఫ్‌లు చేయించాను. చూసి మళ్ళీ టైపు చేసుకుంటున్నాను. డెస్క్‌టాప్ మీదవి లేవు, అంతే.

మీ ఇంట్లోనూ నాన్నగారి వ్యాసాలో, అమ్మ పాటల పుస్తకమో, ఊరి గ్రంథాలయం జాబితానో పాత అను ఫైళ్ళుగా పడి ఉండొచ్చు. ఆ ఫాంట్లున్న కంప్యూటరు లేస్తుండగానే తెరిచి, ఒక పీడీఎఫ్, ఒక యూనికోడ్ ప్రతి చేయించండి. ఆధార్, సర్వే నంబర్లు ఉన్న ఫైళ్ళను ముందే పక్కకు తీసెయ్యండి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, మీ ఇంట్లో కాకుండా చెల్లెలింట్లోనో బావమరిదింట్లోనో పెట్టండి. ఈలోపు ఎవడైనా ఫోన్ చేసి యాప్ వెయ్యమంటే ఫోన్ పెట్టెయ్యండి. డబ్బు పోయిందా, సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ క్షణమే 1930కి ఫోన్ చెయ్యండి.