బానెటు మీద మయసభ: ఒక పార్కింగు పద్యానికి టీకా తాత్పర్యం

వాన వెలిసినంత వచ్చెఁ దూనీగలు
కారు చుట్టు మూఁగి గంతులిడుచు
చెరువటంచుఁ దలచి చేరి బానెటు మీద
గుడ్లు పెట్టె నొకతె కోర్కె దీర

అవతారిక: ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో, నీళ్ల ట్యాంకరు బిల్లు వెనకవైపున బాల్‌పెన్నుతో రాసి, పిన్ను గుచ్చి ఉంది. పేరు దాచుకోవడం వినయమని పై అంతస్తులవారు, మెయింటెనెన్సు బాకీ అని వాచ్‌మన్ అంటున్నారు. కారణం ఏదైనా మూలం దొరికింది కనక వ్యాఖ్య తప్పదు.

ప్రతిపదార్థం: వాన వెలిసినంత = వర్షం ఆగగానే; తూనీగలు వచ్చెన్ = తూనీగలు వచ్చాయి; కారు చుట్టు మూఁగి = కారు చుట్టూ గుమిగూడి; గంతులిడుచు = గంతులు వేస్తూ. ఇక్కడ ఆగాలి. తూనీగ గంతు వేయలేదు. దాని ఆరు కాళ్లూ ముందుకు జరిగి బుట్టలా అమరి ఉంటాయి. వాటితో పురుగును గాలిలోనే ఒడిసి పట్టగలదు, పుల్ల మీద వాలగలదు, అంతే. నడక కూడా సరిగా రాని జీవికి గంతులెక్కడివి? ‘కారు’లో కకారానికి నాలుగో గణంలో గకారం కావలసి వచ్చింది, గంతులు పడ్డాయి. యతి కోసం ఇంతకంటే ఘోరాలు చేసిన మహాకవులున్నారు కనక క్షమించి ముందుకు పోదాం.

చెరువటంచుఁ దలచి = చెరువు అని అనుకొని; చేరి = దగ్గరకు వచ్చి; బానెటు మీద = కారు ముందు మూత మీద; ఒకతె = ఒకానొక ఆడ తూనీగ; కోర్కె తీరన్ = ముచ్చట తీరేటట్టు; గుడ్లు పెట్టెన్ = గుడ్లు పెట్టింది.

తాత్పర్యం: పైన చెప్పిందే.

విశేషాలు: ‘వాన వెలిసినంత’ అనడంలో కవి పరిశీలన కనబడుతోంది. వాన వెలియగానే పుట్టల్లోంచి ఉసుళ్లు లేస్తాయి, వాటి వెనకే తూనీగలు దిగుతాయి. చూడడానికి దండయాత్ర, లోపల చూస్తే దండు లేదు, దండనాయకుడూ లేడు. ఒకదాని సంగతి ఒకదానికి పట్టదు. తిండి ఒకచోట చేరింది కాబట్టి తినేవాళ్లూ అక్కడే చేరారు. పెళ్లి భోజనాల దగ్గరి గుంపును సైన్యం అనగలమా? కనక ‘మూఁగి’ అన్న మాటే సరైనది. ‘బారులు దీరి’ అని ఉంటే తప్పయ్యేది.

మన వానాకాలంలో ఇలా మూగే పసుపు, నారింజ రంగు తూనీగ ముఖ్యంగా పాంటాలా ఫ్లావెసెన్స్. మాల్దీవుల్లో స్థిరపడిన జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్ దీని వలసను గురించి 2009లో ఒక వ్యాసం ప్రకటించాడు. మంచినీటి చెరువులు లేనట్టే లెక్కైన ఆ దీవుల మీదికి ఏటా అక్టోబరు ప్రాంతంలో లక్షల తూనీగలు ఎక్కడినుంచి వస్తున్నాయన్నది ఆయన ప్రశ్న. భారతదేశం నుంచి, రుతుపవనాలతో కదిలే గాలులను ఆసరా చేసుకొని, తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయన్నది ఆయన జవాబు. రానూపోనూ 14 నుంచి 18 వేల కిలోమీటర్లు, నాలుగు తరాల ప్రయాణమని అంచనా. ముత్తవ్వ బయలుదేరితే మునిమనుమరాలు తిరిగొస్తుందన్నమాట. అలాంటి యాత్రికురాలు మా పార్కింగులో ఆగింది. విజిటర్స్ రిజిస్టరులో సంతకం మాత్రం లేదు.

శంక: దండయాత్ర అన్నారు సరే, పిల్లలు తోకకు దారం కట్టి ఆడించే పురుగులో వీరరసమేమిటి?

సమాధానం: ఆ పిల్లలు దాని బాల్యాన్ని చూడలేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నీటి అడుగున రెక్కల్లేని రాక్షసి. కింది పెదవి మడతపెట్టిన చేయిలా ముఖం కింద దాగి ఉంటుంది. తోకపురుగు (అంటే దోమపిల్ల) గానీ కప్పపిల్ల గానీ దగ్గరకు వస్తే, రెప్పపాటు కూడా పట్టకుండా ఆ పెదవి ముందుకు దూకి పట్టేస్తుంది. ఇక ఊపిరి పీల్చేది పేగు చివర ఉన్న మొప్పలతో. ప్రాణం మీదికి వస్తే అదే దారిలో నీటిని వెనక్కి చిమ్మి రాకెట్టులా పారిపోతుంది. పురాణాల్లో కూడా ఇంత పొదుపుగా నిర్మించిన రాక్షసుడు లేడు. పెద్దదై రెక్కలొచ్చాక ఒక్కో కంటిలో దాదాపు 30 వేల కటకాలు, దేనికదిగా తిప్పగల నాలుగు రెక్కలు. గురిపెట్టిన వేటల్లో నూటికి తొంభైకి పైగా దక్కించుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. పులికి ఆ భాగ్యం లేదు. వంశం కూడా గొప్పదే. సుమారు 30 కోట్ల ఏళ్ల నాడు వీటి బంధువు మెగాన్యూరా రెండడుగులు దాటిన రెక్కల విస్తారంతో ఎగిరింది. దాని శిలాజం ఫ్రాన్సులోని కొమాంత్రీ బొగ్గుగనుల్లో దొరికింది.

అలంకారం: భ్రాంతిమంతం. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. మయసభలో దుర్యోధనుడు నేలను నీరనుకొని బట్టలు పైకెత్తుకున్నాడు. ఇక్కడ తూనీగ ఇనుమును నీరనుకొని గుడ్లు పెట్టింది. అయితే రారాజుది తొందరపాటు, తూనీగది శాస్త్రబద్ధమైన పొరపాటు. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుతురులో అడ్డంగా కంపించే తరంగాలే ఎక్కువగా మిగులుతాయి. దీన్ని ధ్రువణం అంటారు. మన కంటికి తెలియదు, తూనీగ కంటికి తెలుసు. దానికి నీరంటే తడి కాదు, అలాంటి వెలుతురు. బురదనీటి లోపలినుంచి పైకి వచ్చే కాంతి ఆ గుర్తును పలచన చేస్తుంది. పాలిష్ పట్టిన నల్లటి బానెట్ లోపలినుంచి అలాంటిదేమీ రాదు. అందుచేత తూనీగ చూపులో కారు చెరువులా ఉండడం కాదు, చెరువు కంటే మేలైన చెరువు. పైగా ఇది ఆరేడు వారాల్లో పిల్లను పెద్ద చేయగల, నిన్నటి వానగుంటలను నమ్ముకునే జాతి. పాత చెరువుల చిరునామాతో దానికి పనిలేదు, కొత్త మెరుపు కనబడితే చాలు.

హంగరీలో హోర్వాత్ గాబోర్, ఆయన సహచరులు ఒక శ్మశానంలో నల్లటి నున్నని సమాధి రాళ్ల మీద తూనీగలు ఇలాగే మోసపోవడం గమనించి 2007లో రాశారు. ఆ పరిశీలనకు, తెల్ల గుర్రాలను జోరీగలు ఎందుకు తక్కువగా కుడతాయన్న మరో పరిశోధనకు కలిపి 2016లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పనికిచ్చే బహుమతి అది. మా కవికి కూడా ఇవ్వవచ్చు.

ధ్వని: కవి కారు రంగు చెప్పలేదు. చెప్పకుండానే తెలియాలి. నలుపు, ఎరుపు కార్లే నీటి పురుగులను ఎక్కువగా ఆకర్షిస్తాయి, తెలుపు అంతగా ఆకర్షించదు. కాబట్టి ఈ కారు రెండో అంతస్తువారి తెల్లకారు కాదు, ఐదో అంతస్తువారి మెరూన్ కారు. సహృదయులు గ్రహింతురు గాక.

రసం: శృంగారమని కొందరు. ఒప్పుకోవచ్చు గానీ ‘ఒకతె’ అన్నచోట చిక్కుంది. ఈ జాతిలో మగది తరచుగా ఆడదాని తల వెనక భాగాన్ని తన తోక కొసతో పట్టుకొనే ఉంటుంది, గుడ్లు పెట్టేదాకా వదలదు. ప్రేమ అనకండి, మరొక మగది దరిచేరకుండా కాపలా. ఒంటరిగా పెట్టేవీ ఉన్నాయి కనక కవిని తప్పుపట్టలేం. రౌద్రమని నేనంటాను. ఇంగ్లీషులో దీని పేరు డ్రాగన్‌ఫ్లై కదా. కథల్లోని డ్రాగన్ నోటితో నిప్పు కక్కుతుంది. దీని గుడ్డే ఆ పని చేస్తుంది. తోక కొసతో బానెట్‌ను టక్కుటక్కున తట్టి వదిలిన గుడ్డు ఎండకు కాగుతూ గట్టిపడేటప్పుడు, దానిలోని సిస్టీన్ ఆక్సీకరణం చెంది బలమైన ఆమ్లంగా మారి, పెయింటు మీది పారదర్శకమైన పూతను తినేస్తుందని 2000లో బ్రెజిల్ రసాయన శాస్త్రజ్ఞులు చూపారు. మచ్చలు ఆమ్లవర్షం పడ్డట్టే ఉంటాయట. పిల్లలు పుట్టవు, పెయింటు పోతుంది: ఉభయభ్రష్టం.

పాఠాంతరం: మూడో పాదంలో ‘చేరి స్కూటీ మీద’ అన్నది వాచ్‌మన్ పాఠం. రగణం, తగణం, గణాలు కుదిరాయి, యతికి భంగం లేదు. అయినా అంగీకరించలేం. స్కూటీ సీటు గరుకు రెక్సిను, వెలుతురును చెదరగొడుతుంది, పైగా వాలుగా ఉంటుంది. తూనీగ దాన్ని చెరువనుకోదు. వాచ్‌మన్ మాత్రం తన పాఠమే మూలమని పట్టుబడుతున్నాడు, ఎందుకంటే మెరూన్ కారు తుడిచేది ఆయనే.