బండిలో ఏం పోశావురా అబ్బాయ్?

బందరు కోనేరు సెంటర్లో ఈ మధ్య ఏ కుర్రాణ్ణి ఆపి "బండిలో ఏ ఆయిల్ పోయించావురా?" అని అడిగినా ఒకటే జవాబు. "మంచిదే తాతయ్యా, ఖరీదైంది." గ్రేడెంత అంటే తెలియదు. గేజ్ ఎప్పుడు తీసి చూశావంటే, అదెక్కడుంటుందని నన్నే తిరిగి అడుగుతాడు. లక్షన్నర పోసి కొన్న బండి, లోపల ఏముందో సొంతదారుకి తెలియదు. నాకు ఒళ్లు మండిపోతుంది.

నేను పానా పట్టిన రోజుల్లో ఊళ్లో మోటారు సైకిళ్లు తక్కువ. బుల్లెట్టంటే డాక్టరుగారిదో, పోలీసు వాళ్లదో, దివిసీమ మోతుబరి రైతుదో అయ్యుండేది. రాజ్‌దూత్ మీద పాల క్యాన్లు కట్టుకుని పల్లెల నుంచి వచ్చేవాళ్లు. చేతక్ స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుక్కూచోవాలి. అలా వచ్చిన బండిని ఎవరూ వేరేవాళ్ల చేతిలో పెట్టేసి టీ తాగడానికి వెళ్లిపోయేవాళ్లు కాదు. షెడ్డులో పక్కనే గొంతుక్కూచుని, నేను ఏ డబ్బా మూత తీస్తున్నానో చూసేవాళ్లు.

పైగా రాజ్‌దూత్, చేతక్ టూస్ట్రోక్ బండ్లు. వాటి క్రాంకు గదిలో ఆయిల్ నిలవ ఉండదు, పెట్రోలుతో కలిసి వచ్చిందే ఆధారం. చేతక్‌కి లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే రెండు శాతం. పాత రాజ్‌దూత్‌కి ఇంకాస్త ఎక్కువ. తక్కువైతే పామర్రు చేరేలోపు పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు మసిబారి, సైలెన్సర్ కార్బన్‌తో పూడుకుపోతుంది. అప్పుడు దాన్ని ఊడదీసి మంటలో కాల్చాల్సిందే. అందుకే బంకులో ఆయిల్ పంపు దగ్గర నిలబడి ఎంత పడిందో కళ్లారా చూసుకునేవాళ్లు. మేం వెనక వచ్చే పొగ రంగు చూసి లోపల సంగతి చెప్పేసేవాళ్లం. 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100లో ఆయిల్‌కి వేరే ట్యాంకు పెట్టారు, బండే కలుపుకునేది. అయినా ఆ ట్యాంకు ఖాళీ కాకుండా కనిపెట్టుకోవలసింది నడిపేవాడే. ఇక పాత పోత ఇనుము బుల్లెట్‌కి ఇంజనుకో ఆయిలు, క్లచ్ ఉండే చైన్ కేసుకో ఆయిలు, గేర్‌బాక్సుకి విడిగా మరోటి. చల్లపల్లి, మోపిదేవి నుంచి వచ్చే బుల్లెట్ రైతులకి ఆ మూడూ నోటికి వచ్చు.

అదే 1985లో నాలుగు స్ట్రోకుల హీరో హోండా సీడీ 100 వచ్చింది. కలపడాలు లేవు, పొగ లేదు, లీటరుకి చాలా దూరం. పెట్రోలు పోసి మూతపెట్టి మరిచిపోవచ్చని ప్రకటనలు వేశారు. ఆ మాట అన్నది పెట్రోలు గురించి. మనవాళ్లు ఆయిల్ని కూడా మరిచిపోయారు. 2000 తర్వాత పొగ నిబంధనలు బిగిసి టూస్ట్రోకులు తగ్గిపోయాక, ఆయిల్ అనేది సర్వీసుకిచ్చినప్పుడు బిల్లులో కనపడే ఒక వరస మాత్రమే అయిపోయింది. చివరికి దివిసీమలో రొయ్యల ట్రేలు, గడ్డిమోపులు మోసే టీవీఎస్ ఎక్సెల్ కూడా నాలుగు స్ట్రోకులకి మారింది.

నాలుగు స్ట్రోకుల బండికి ఆయిల్ ఎంచుకోవడం నిజానికి టూస్ట్రోక్ కంటే జాగ్రత్తగా చెయ్యాల్సిన పని. కారులో ఇంజన్ ఆయిల్ ఇంజన్‌కే. ఇప్పటి మోటారు సైకిల్లో అదే ఆయిల్ పిస్టన్‌ని తడపాలి, గేర్ల పళ్ల మధ్య నలగాలి, క్లచ్ ప్లేట్లు మునిగి ఉండేదీ అందులోనే. క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. కారు ఆయిళ్లలో కొన్నిటికి మైలేజీ కోసం జారుడు మందులు కలుపుతారు. అవి బండిలో పోస్తే ప్లేట్లు పట్టు వదిలేస్తాయి. యాక్సిలేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. పులిగడ్డ వారధి ఎక్కలేక మధ్యలో ఆగిపోయిన బండ్లు నేను విప్పి చూశాను. ప్లేట్లు మాడిపోయి ఉంటాయి, కుర్రాడేమో "క్లచ్ నాసిరకం" అంటాడు.

ఈ తిప్పలు తప్పించడానికే జపాన్ వాళ్లు 1990ల చివర్లో జాసో అనే ముద్ర తెచ్చారు. డబ్బా వెనక జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉంటే గేరు బండికి పనికొస్తుంది. ఎంబీ అని ఉంటే అది యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్లకి, వాటి క్లచ్ ఆయిల్లో మునగదు గనక. ఆ స్కూటర్లకి వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ విడిగా ఉంటుంది, చిన్న గిన్నెడంత. దాన్ని మార్చమని అడిగినవాడు ఈ మధ్య నాకు ఒక్కడూ కనపడలేదు.

ఇంక అంకెలు. 10డబ్ల్యు-30 అని ఉంటే ముందు అంకె ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. వెనక అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. "బందరులో చలెక్కడిది, 20డబ్ల్యు-50 పొయ్యి మావయ్యా, చిక్కగా ఉంటే ఇంజన్ గట్టిగా ఉంటుంది" అంటారు. చలి లేకపోయినా తెల్లారి కిక్కు కొట్టేటప్పటికి ఆయిలంతా అడుక్కి దిగి ఉంటుంది. అది హెడ్డు దాకా ఎక్కేలోపు ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి, అరుగుదల ఎక్కువ జరిగేది అప్పుడే. పల్చటి ఆయిల్ తొందరగా పైకెక్కుతుంది. ఇప్పటి స్ప్లెండర్ సందులు సన్నగా పెట్టి, దాని పుస్తకంలో 10డబ్ల్యు-30 అని రాశారు. దాన్లో 50 పోస్తే పికప్ చస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పాత బుల్లెట్‌కి 20డబ్ల్యు-50 కావాలి, దానికి 30 పోస్తే శబ్దం పెరుగుతుంది, సందుసందునా కారుతుంది. ఏ బండికి ఏదో కంపెనీ వాళ్లు పరీక్ష చేసి పుస్తకంలో అచ్చేసి ఇచ్చారు. సీటు కింద కవరు కూడా విప్పని ఆ పుస్తకం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

గుడివాడ అవతల, ముదినేపల్లి, నందివాడ వైపు రొయ్యల చెరువుల మీద ఇంకో అలవాటు పుట్టింది. జనరేటరుకి తెచ్చిన డీజిల్ ఇంజన్ ఆయిల్ క్యాన్లో మిగిలితే బండిలో పోసేస్తారు. 15డబ్ల్యు-40 అని ఉంది కదా, మధ్యస్తంగా ఉందని ధైర్యం. దాన్లో డీజిల్ మసిని పట్టుకోవడానికి మందులు కలిపి ఉంటాయి. అవి పెట్రోలు ఇంజన్లో కాలితే పిస్టన్ మీద, ప్లగ్గు మీద బూడిద పేరుకుంటుంది. డబ్బా మీద జాసో ముద్ర లేకపోతే క్లచ్ మాట ఎవరూ పూచీ పడలేదన్నమాటే. కిలో రొయ్య ధర పైసల్లో లెక్కగట్టే రైతు ఇంత చిన్న సంగతి చూసుకోడేం?

సింథటిక్ అంటే కుర్రాళ్లకి పిచ్చి. వేడెక్కి గట్టిగా తిరిగే పెద్ద ఇంజన్‌కి అది మంచిదే, నేను కాదనను. రోజూ మార్కెట్టుకెళ్లొచ్చే వంద సీసీ బండికి పుస్తకంలో రాసిన మామూలు ఆయిల్ వేళకి మారిస్తే చాలు. ఆ "వేళకి" దగ్గరే అసలు తేడా. కంపెనీలు ఐదారు వేల కిలోమీటర్లంటాయి, నున్నటి రోడ్డు లెక్క అది. మన దగ్గర కాలవ గట్ల మీద రెండో గేరులో, వెనక మేత బస్తాతో, బందరు పోర్టు పనుల టిప్పర్లు లేపే దుమ్ములో నడిపే బండికి రెండున్నర, మూడు వేలకే మార్చాలన్నది నా మాట. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండికి ఇంకా ముందే. ఇంజన్ వేడెక్కకపోతే లోపల చెమర్చిన నీరు ఆవిరై పోదు. వానాకాలం ఆయిల్ మూత తీసి కింద చూడండి, తెల్లటి నురగ కనపడుతుంది.

నీళ్ల సంగతి మన డెల్టాలో మరిచిపోడానికి లేదు. 2009 అక్టోబరులో కృష్ణ పొంగింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. దివిసీమ లంకలు మునిగాయి, బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది. నీరు తియ్యగానే జనం చేసిన మొదటి పని కిక్కు కొట్టడం. అంతకంటే అన్యాయం ఇంజన్‌కి లేదు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ప్లగ్గు తీసి నీళ్లు కక్కించాలి, డ్రెయిన్ నట్ విప్పాలి. పాలు కలిపిన టీలా కారితే నీళ్లు కలిసినట్టే. అదే గ్రేడు చవక ఆయిల్ పోసి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, కాసేపు తిప్పి, మళ్లీ దించెయ్యాలి. తేటగా వచ్చేదాకా ఇంకోసారి. నాగాయలంక, కోడూరు వైపు ఉప్పునీరైతే ఒక్క రోజు కూడా ఆగకూడదు, బేరింగులు తుప్పు పట్టేస్తాయి. మా తరానికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. గాలివాన వస్తోందంటేనే బండిని అరుగు మీదికి ఎక్కించేవాళ్లం.

గేజ్ చూడ్డం కూడా చెప్తాను, ఎవరూ నేర్పడం లేదు గనక. చదునైన చోట సెంటర్ స్టాండ్ వెయ్యాలి. రెండు మూడు నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపి, ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. గేజ్ తీసి తుడిచి, స్ప్లెండర్ లాంటి బండ్లకి మర బిగించకుండా ఊరికే ఆనించి తియ్యాలి. గీతల మధ్య ఉండాలి. పై గీత దాటినా నష్టమే. స్ప్లెండర్‌కి పట్టేది లీటరు లోపే, డబ్బాలో మిగిలిందని మొత్తం వంచెయ్యకూడదు. ఖాళీ డబ్బాకి మేకుతో కన్నం పొడిచి పారెయ్యాలి, లేకపోతే దాన్నే మళ్లీ నింపి అమ్మేవాళ్లున్నారు. మా షెడ్డులో ఖాతాదారు చేతికే మేకు ఇచ్చేవాణ్ణి.

దించిన ఆయిల్ ఏమవుతోందో ఎవరూ అడగరు. అప్పట్లో రైతులు డబ్బా తెచ్చుకుని పట్టుకెళ్లేవాళ్లు, పాక వాసాలకి, గాటి గుంజలకి చెద పట్టకుండా పూసుకునేవాళ్లు. ఇప్పుడు పాకలూ తగ్గాయి, గాటికి కట్టే గొడ్లూ తగ్గాయి. కొన్ని షెడ్లలో పొద్దుగూకగానే డబ్బా తీసుకెళ్లి కాలవలో కుమ్మరిస్తున్నారు. వేసవిలో ఆ కాలవలకే నీళ్లు వదిలి ఊరి చెరువులు నింపుతారు. బందరు తాగేది అవే, గుడివాడ తాగేది అవే, అవనిగడ్డ తాగేదీ అవే. నేను మాత్రం మా ఇంటి గేటు పక్కన మూతున్న క్యాన్ ఒకటి పెట్టించాను. ఇంట్లో ఆయిల్ మార్చుకున్న ఎవరైనా తెచ్చి అందులో పొయ్యొచ్చు, నీళ్లు మాత్రం కలవనివ్వకండి. నిండగానే, దాన్ని మళ్లీ శుద్ధి చెయ్యడానికి అనుమతి ఉన్నవాళ్లకి కబురు చేస్తాను.